పాత సీపీయూ డబ్బాకు అల్యూమినియం రేకుతో కొత్త టాప్: మడత దగ్గరే ఆగిపోయాను

రామగిరి_కుర్రాడు | నల్గొండ | ఏప్రిల్ 6, రాత్రి 10.12

నమస్తే అందరికీ. 2009లో మా అన్నయ్య ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్న కేబినెట్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఇనుము గట్టిది, పారేయబుద్ధి కావట్లేదు. లోపల బోర్డు, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు అన్నీ మార్చేశాను. గాలికి మాత్రం వెనక ఉన్న ఒక్క 80 మి.మీ. ఫ్యానే దిక్కు. టాప్ మీద బెజ్జం ఒక్కటీ లేదు. ఏప్రిల్ మొదటి వారంలోనే మధ్యాహ్నం గేమ్ పెడితే కార్డు 86 డిగ్రీలు చూపిస్తోంది. మే నెల తలుచుకుంటేనే టెన్షన్.

ప్లాన్ ఇదీ. పై రేకు తీసేసి, అల్యూమినియం షీట్‌తో కొత్తది చేసి, రెండు 120 ఫ్యాన్లు బిగించాలి. టాప్ వెడల్పు 190, పొడవు 430, రెండు పక్కలా కిందికి 20 మి.మీ. మడత. ఓపిక మిగిలితే పక్క డోర్ కూడా.

ప్రకాశం బజార్ వైపు ఒక షాపులో 22 గేజ్ ముక్క తెచ్చి మొదలుపెట్టాను. రేకు కత్తెరతో కోస్తే అంచంతా అలలు అలలుగా వచ్చింది. టేబుల్ అంచుకు ఆనించి సుత్తితో కొడితే మడత పదునుగా రాలేదు, అరటిపండులా వంగి కూర్చుంది, పైగా నిండా సొట్టలు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

పాత_ఫిట్టర్ | మహబూబ్‌నగర్ | ఏప్రిల్ 6, రాత్రి 11.05

తమ్ముడూ, ముందు గేజ్ సంగతి. మన షాపుల్లో చెప్పేది ఎస్‌డబ్ల్యూజీ (రేకు మందానికి బ్రిటిష్ కొలత) లెక్క, నంబరు పెరిగేకొద్దీ రేకు పల్చన. 22 అంటే 0.71 మి.మీ., 20 అంటే 0.91, 18 అంటే 1.22. మందం సమానమైతే అల్యూమినియం ఇనుముకంటే మూడు రెట్లు తేలిగ్గా వంగుతుంది. నీ పాత ఇనుప రేకు 0.7 ఉందనుకో, అంత గట్టిగా నిలబడాలంటే అల్యూమినియం 1 మి.మీ. పడుతుంది. అప్పటికీ బరువు సగమే. 22 గేజ్‌తో టాప్ చేస్తే ఫ్యాన్లు తిరిగినప్పుడల్లా తప్పెటలా మోగుతుంది.

ఇంకో మాట. షాపువాళ్లు చెప్పిన మందం గుడ్డిగా నమ్మకు. రెండడుగులకు రెండడుగుల ముక్క, 1 మి.మీ. మందం, సరిగ్గా కిలో తూగాలి. 750 గ్రాములే తూగిందంటే నీకిచ్చింది ముప్పావు మిల్లీమీటరు. కాటా అక్కడే ఉంటుంది కదా, చూసి తెచ్చుకో.

కత్తెర నోరు చివరికంటా మూయకూడదు. మూసిన ప్రతిసారీ అక్కడొక గాటు పడుతుంది. ముప్పావు దాకా కోసి, ముందుకు జరిపి, మళ్లీ కోయాలి. గీతకు 3 మి.మీ. బయట కోసి, మిగతాది ఆకురాయితో గీత దాకా తెచ్చుకోవాలి. ఆకురాయికి ముందు సుద్దముక్క బాగా రుద్దు. లేకుంటే అల్యూమినియం పళ్లలో ఇరుక్కుని, ఆ ఇరుక్కున్న ముక్కే రేకు మీద చారలు గీస్తుంది.

గాలివాటం | సూర్యాపేట | ఏప్రిల్ 7, ఉదయం 7.30

అడగని సలహా అనుకోకండి. అల్యూమినియం వేస్తే డబ్బా చల్లబడుతుందనే ఆశ ఉంటే ఇప్పుడే వదిలేయండి. అల్యూమినియం ఇనుముకంటే నాలుగైదు రెట్లు వేడిని ప్రసరింపజేస్తుంది, నిజమే. కానీ మీ కార్డు డబ్బా రేకును తాకడమే లేదు కదా. చల్లబరిచేది గాలి. పాత ఇనుప టాప్‌కే రెండు రంధ్రాలు కోస్తే పని అయిపోతుంది, ఇంత తతంగం దేనికి?

రామగిరి_కుర్రాడు | ఏప్రిల్ 7, ఉదయం 9.14

అన్నా, మీరన్నది కరెక్టే. కానీ పాత టాప్ తుప్పు పట్టి రెండు చోట్ల చిల్లు పడింది. పైగా నాకు చేయాలనుంది, అంతే.

గాలివాటం | ఏప్రిల్ 7, ఉదయం 9.20

చేయాలనుంటే ఇక మాట్లాడేదేముంది. కానివ్వండి.

మిల్లుగడ్డ | మిర్యాలగూడ | ఏప్రిల్ 7, మధ్యాహ్నం 1.48

ఇంట్లో సుత్తితో మడవడం మానెయ్ భాయ్. మీ ఊళ్లో బీరువాలు చేసే షాపు ఉంటుంది కదా, అక్కడికి పో. వాళ్ల దగ్గర రేకు కోసే షేరింగ్ మిషన్ ఉంటుంది, ఫోల్డింగ్ మిషన్ ఉంటుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇనుప రేకు మడిచే మిషన్‌కు నీ ఒక మిల్లీమీటరు అల్యూమినియం అప్పడంతో సమానం. కూలర్ బాడీలు చేసేవాళ్ల దగ్గరా ఉంటుంది కానీ ఈ నెలలో వాళ్లు నీ ముఖం కూడా చూడరు.

నేను రెండు కేబినెట్లు అలాగే చేయించాను. మూడు జాగ్రత్తలు చెబుతా. పెళ్లిళ్ల రోజుల్లో సాయంత్రం పోవద్దు, బీరువాల డెలివరీల హడావుడిలో ఉంటారు. పొద్దున షట్టర్ తీసే టైమ్‌కు పో. రెండోది, మిషన్ దవడల్లో ఇనుప రజను ఉంటుంది. మెత్తటి అల్యూమినియం మీద అది నొక్కుకుని చుక్కలు పడతాయి. దవడలు గుడ్డతో తుడవమని అడుగు, షీట్ మీది ప్లాస్టిక్ పొర తీయకుండానే మడిపించు. మూడోది, కొలతలు నోటితో చెప్పకు. షీట్ మీదే మార్కర్‌తో గీసుకుని పో. నోటితో చెబితే అంగుళాల్లో అర్థమవుతుంది, నీ 190 కాస్తా ఏడున్నర అవుతుంది.

పాత_ఫిట్టర్ | ఏప్రిల్ 7, మధ్యాహ్నం 2.20

బాగా చెప్పారు. ఒకటి కలుపుతాను. మడత గీతలు సూదితోనో స్క్రైబర్‌తోనో గీయకు. ఆ గాటు దగ్గరే రేకు పగులుతుంది. సన్నటి మార్కర్ చాలు. కోసే గీతలకైతే స్క్రైబర్ వాడుకోవచ్చు.

బాలానగర్_బస్సు | నాగర్‌కర్నూల్, ప్రస్తుతం హైదరాబాద్ | ఏప్రిల్ 7, రాత్రి 8.33

ఇంత కష్టం ఎందుకు, బాలానగర్‌లో ఫైబర్ లేజర్ కటింగ్ చేసేవాళ్లున్నారు. డీఎక్స్‌ఎఫ్ (కంప్యూటర్ డ్రాయింగ్) ఫైల్ ఇస్తే రంధ్రాలతో సహా కోసి ఇస్తారు. ఫ్రీక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో షీట్ మెటల్ వర్క్‌బెంచ్ అని ఒకటుంది, మడతలు విప్పి ఫ్లాట్ డ్రాయింగ్ అదే ఇస్తుంది. షీట్ 5052 రకం (అల్యూమినియం మిశ్రమం నంబరు) అడగండి, బాగా మడత పడుతుంది. 6061-టీ6 గట్టిదని మోజు పడొద్దు, బిగుతు మడత వేస్తే చిట్లుతుంది.

నేమ్ ప్లేట్లు కోసే అక్రిలిక్ షాపులకు మాత్రం పోవద్దు. అక్కడ ఉండేది సీవోటూ లేజర్. అల్యూమినియం ఆ కాంతిని అద్దంలా తిప్పికొడుతుంది, కోయదు.

రామగిరి_కుర్రాడు | ఏప్రిల్ 7, రాత్రి 9.02

థాంక్స్ అన్నా. ఒక్క టాప్ కోసం బాలానగర్ దాకా రావడం కష్టం. ముందు బీరువా షాపే చూస్తాను.

రామగిరి_కుర్రాడు | ఏప్రిల్ 11, మధ్యాహ్నం 12.40

పొద్దున పోయొచ్చాను. 1 మి.మీ. షీట్ కాటా వేసి తెచ్చాను (ఫిట్టర్ అన్న చెప్పినట్టే, రెండు బై రెండు ముక్క 990 గ్రాములు). బీరువా షాపులో ఉన్న పెద్దాయన మొదట నవ్వాడు. "ఇది బీరువాకా, టిఫిన్ బాక్సుకా?" అన్నాడు. కంప్యూటర్‌కు అంటే షీట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, మడవడానికి రెండు నిమిషాలు తీసుకోలేదు. మడత అంచు చూస్తే కళ్లు చల్లబడ్డాయి.

కానీ ఇంటికొచ్చి పెడితే పక్క డోర్ దూరట్లేదు! నేను 20, 190, 20 అని లెక్కేసి 230 వెడల్పు కోయించాను. అంచు నుంచి 20 దగ్గర గీతలు గీశాను, ఆయన సరిగ్గా గీత మీదే మడిచాడు. ఇప్పుడు వెర్నియర్‌తో కొలిస్తే మధ్య భాగం 191.6 ఉంది. ఆ 1.6 ఎక్కడి నుంచి పుట్టుకొచ్చింది?

పాత_ఫిట్టర్ | ఏప్రిల్ 11, మధ్యాహ్నం 1.15

హహ. ఐటీఐలో మాకు మొదటి నెలలోనే పడ్డ దెబ్బ ఇది. రేకు మడిస్తే మూల చదరంగా రాదు, గుండ్రంగా తిరుగుతుంది. లోపలి వైపు నొక్కుకుంటుంది, బయటి వైపు సాగుతుంది. గుండ్రటి దారి మూల దాకా పోయి తిరిగే దారికంటే పొట్టి కాబట్టి రేకు మిగులుతుంది. ఆ మిగిలింది మడతకు అటు సగం, ఇటు సగం చేరుతుంది. నీకు మధ్యలో రెండు సగాలు చేరాయి. పక్క మడతలు కొలిచి చూడు, 20 బదులు 20.8 ఉంటాయి.

ఫార్ములాలు ఉన్నాయి. 1 మి.మీ. రేకు, లోపలి వంపు 1 మి.మీ. అయితే ఒక్కో 90 డిగ్రీల మడతకు సుమారు 1.7 తగ్గించాలి. కానీ ఆ షాపు మిషన్ వంపు ఎంతో మనకేం తెలుసు? కాబట్టి ఇలా చెయ్. అదే షీట్‌లోంచి సరిగ్గా 100 మి.మీ. పొడవు, వేలెడు వెడల్పు పట్టీ కోయి. అదే మిషన్ మీద మధ్యలో 90కి మడిపించు. రెండు కాళ్లూ బయటి నుంచి కొలిచి కలుపు. 100 మీద ఎంత ఎక్కువొస్తే, ఒక్కో మడతకు అంత తీసెయ్యాలి.

రామగిరి_కుర్రాడు | ఏప్రిల్ 11, మధ్యాహ్నం 1.31

కొలిచాను. 20.8. మంత్రం వేసినట్టుంది అన్నా.

రామగిరి_కుర్రాడు | ఏప్రిల్ 13, ఉదయం 11.50

పట్టీ మడిపించాను. 50.8, 50.8. అంటే మడతకు 1.6. రెండు మడతలకు 3.2 తీసి 226.8 కోయించాను, గీతలు అంచు నుంచి 19.2 దగ్గర పెట్టాను. ఇప్పుడు మధ్య భాగం 190 మీద నిలబడింది. డోర్ మెత్తగా జారిపోయింది. పెద్దాయన డబ్బులు తీసుకోలేదు, చాయ్ మాత్రం తాగించమన్నాడు.

బోర్డుల_భాయ్ | వనపర్తి | ఏప్రిల్ 13, మధ్యాహ్నం 3.05

ఆలస్యంగా చూశాను. మేము షాపుల బోర్డులు చేస్తాం. ఇంత లెక్కలు లేకుండా ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) షీట్ వాడొచ్చు కదా. 3 మి.మీ. షీట్, వెనక వైపు వీ-గాడి కొట్టి చేత్తో మడిస్తే చాకులాంటి మూల వస్తుంది. రంగు కూడా వేసే ఉంటుంది. మా దగ్గర ముక్కలు ఊరికే పడుంటాయి.

టెస్టర్_అక్క | జడ్చర్ల | ఏప్రిల్ 13, సాయంత్రం 6.22

ఏసీపీ అంటే పైనా కిందా పల్చటి అల్యూమినియం పొరలు, మధ్యలో ప్లాస్టిక్. మామూలు రకాల్లో ఆ ప్లాస్టిక్ మండుతుంది. పై పొరకూ కింది పొరకూ కరెంట్ కనెక్షన్ ఉండదు కాబట్టి ఎర్త్ కూడా సరిగా కుదరదు. ముందు వైపు అందానికి ఒక పలక అంటే సరే, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పవర్ సప్లై) చుట్టూ మాత్రం నేను వాడను.

బోర్డుల_భాయ్ | ఏప్రిల్ 13, సాయంత్రం 6.40

అక్కా, నా సొంత పీసీకి ముందు పలక, పక్క డోర్ రెండూ ఏసీపీనే. మూడేళ్లయింది. ఏం కాలేదు.

టెస్టర్_అక్క | ఏప్రిల్ 13, సాయంత్రం 6.44

కానంతవరకు ఏమీ కాదు భాయ్.

రామగిరి_కుర్రాడు | ఏప్రిల్ 14, ఉదయం 10.00

ఇక రంధ్రాలు. ఫ్యాన్ స్క్రూల మధ్య 105 మి.మీ. అని తెలుసు. గుండ్రటి రంధ్రం 114 అనుకుంటున్నాను. రెండు ఫ్యాన్ల కేంద్రాల మధ్య 125 పెట్టాను. చేతి డ్రిల్లు ఉంది, హోల్ సా (డ్రిల్లుకు తగిలించే గుండ్రటి రంపం) కొనాలా, జిగ్‌సా (సన్న బ్లేడు కరెంటు రంపం) అద్దెకు తేవాలా?

మిల్లుగడ్డ | ఏప్రిల్ 14, ఉదయం 10.45

ఏది వాడినా షీట్‌ను చేత్తో పట్టుకోవద్దు. ఇది నా ఎడమ చేతి బొటనవేలు చెబుతున్న మాట. నేను 8 మి.మీ. బిట్టుతో చిన్న ముక్కకు బెజ్జం వేస్తుంటే, బిట్టు అవతలికి దిగే క్షణంలో రేకును కొరికి పట్టుకుంది. ముక్క మొత్తం ఫ్యాన్ రెక్కలా గిర్రున తిరిగింది. నాలుగు కుట్లు. పల్చటి రేకులో బిట్టు మొన అవతలికి పోయేసరికి అంచులు ఇంకా ఇవతలే ఉంటాయి, పట్టు దొరక్క గుంజుతుంది. పెద్ద బెజ్జాలకు మెట్లు మెట్లుగా ఉండే స్టెప్ డ్రిల్ కొనుక్కో.

ఫ్యాన్ రంధ్రాలకు షీట్‌ను రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య పెట్టి, నాలుగు మూలలా సి-క్లాంపులు బిగించు. పై ప్లైవుడ్ మీద గుండ్రం గీసి, మూడూ కలిపి జిగ్‌సాతో కోయి. అంగుళానికి 24 పళ్ల బ్లేడు. మధ్యమధ్యలో రెండు చుక్కలు కిరోసిన్, లేకపోతే కొవ్వొత్తి రుద్దు. పొడిగా కోస్తే అల్యూమినియం కరిగినట్టయి పళ్లకు అతుక్కుంటుంది. హోల్ సా బాగానే కోస్తుంది కానీ 114 సైజును చేతి డ్రిల్లుతో పట్టాలంటే మణికట్టు గట్టిగా ఉండాలి.

పాత_ఫిట్టర్ | ఏప్రిల్ 14, మధ్యాహ్నం 12.10

చేతికి గ్లౌజులు వేసుకుని డ్రిల్లు పట్టకు, బిట్టుకు చుట్టుకుంటాయి. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి. కోసిన అంచుల మీది బర్ (గరుకు ముళ్లు) తీయడానికి 10 మి.మీ. బిట్టును చేత్తో పట్టుకుని బెజ్జంలో రెండుసార్లు తిప్పితే చాలు. బెంచ్ గ్రైండర్ దగ్గరికి తీసుకుపోకు. అల్యూమినియం రాయిలో నిండిపోయి, వేడెక్కి, రాయి పగిలే ప్రమాదం ఉంది.

టెస్టర్_అక్క | ఏప్రిల్ 14, మధ్యాహ్నం 12.31

బోర్డు లోపల ఉండగా ఏదీ కోయొద్దు. ఇనుప రజనైతే అయస్కాంతంతో ఏరుకోవచ్చు. అల్యూమినియం రజను అయస్కాంతానికి అంటదు, కరెంటు మాత్రం శుభ్రంగా పారుతుంది. నా దగ్గరికి రిపేరుకు వచ్చిన ఒక బోర్డులో ర్యామ్ స్లాట్ పిన్నుల మధ్య వెంట్రుకంత ముక్క దొరికింది. కంప్యూటర్ ఆన్ అవుతుంది, అరగంటకు ఆగిపోతుంది, మళ్లీ ఆన్ అవుతుంది. ఆ ముక్క పట్టుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

రామగిరి_కుర్రాడు | ఏప్రిల్ 20, రాత్రి 9.25

జిగ్‌సాతో అయిపోయింది. ఒక రంధ్రం కొంచెం కోడిగుడ్డులా వచ్చింది, ఫ్యాన్ జాలీ కింద కనపడదు. షీట్‌కే మర వేసి స్క్రూలు బిగిద్దామనుకున్నాను కానీ రెండోసారి తిప్పేసరికి మర జారిపోయింది.

పాత_ఫిట్టర్ | ఏప్రిల్ 20, రాత్రి 9.50

జారక ఏం చేస్తుంది? కేబినెట్ స్క్రూ 6-32, దాని మరల మధ్య దూరం 0.8 మి.మీ. నీ రేకు మందం 1. అంటే పట్టేది ఒక్క మరే. ఎం3 (3 మి.మీ. స్క్రూ) అయితే రెండు పడతాయి, అదీ అంతంతే. రివెట్ నట్ (రేకులో బిగించే, లోపల మర ఉన్న గొట్టం) వేయి, లేకుంటే కింద నట్టు పెట్టి బిగించు. ఎప్పటికీ విప్పని చోట 3.2 పాప్ రివిట్ కొట్టెయ్.

బాలానగర్_బస్సు | ఏప్రిల్ 20, రాత్రి 10.15

కొంచెం పక్కకు పోతున్నాను. సికింద్రాబాద్‌లో పాత సామాన్ల మధ్య 2003 నాటి యాపిల్ పవర్ మ్యాక్ జీ5 కంప్యూటర్ డబ్బా ఒకటి దొరికింది. ఒళ్లంతా అల్యూమినియం. కానీ లోపల బోర్డు నిలబెట్టే స్టాండాఫ్‌లు (చిన్న కాళ్లు) ఏటీఎక్స్ (మామూలు పీసీ బోర్డుల కొలతల ప్రమాణం) చోట్లలో లేవు, అన్నీ కోసి కొత్తగా పెట్టాలి. రామగిరి తమ్ముడి డబ్బా నయం. ఏటీఎక్స్ కొలతలు 1995లో ఇంటెల్ పెట్టినవి, 2009 డబ్బాలో నేటి బోర్డు ఏ తిప్పలూ లేకుండా కూర్చుంటోంది.

రామగిరి_కుర్రాడు | ఏప్రిల్ 24, సాయంత్రం 5.18

320 పేపర్‌తో రుద్ది, ఎచ్ ప్రైమర్ (లోహానికి రంగు పట్టేలా వేసే తొలి పూత) కొట్టి, నల్ల మ్యాట్ స్ప్రే వేశాను. (మొదట ప్రైమర్ లేకుండా ఒక ముక్క మీద వేసి చూస్తే గోటితో గీకగానే పొరలాగా లేచొచ్చింది.) ఫ్యాన్లు బిగించాను. కార్డు 86 నుంచి 77కు దిగింది. గాలివాటం అన్నా, ఇది రేకు గొప్పతనం కాదు, ఫ్యాన్లదే, ఒప్పుకుంటున్నా.

రెండు సమస్యలు. ఫ్యాన్ స్పీడు పెరిగితే టాప్ జుయ్‌మని సన్నగా మోగుతోంది. రెండోది, చెప్పులు లేకుండా నిలబడి డబ్బాను ముట్టుకుంటే చేయి జిల్లుమంటోంది. ఇది పెయింట్ వల్లా?

టెస్టర్_అక్క | ఏప్రిల్ 24, సాయంత్రం 5.40

పెయింట్ వల్ల కాదు. మీ ఇంట్లో ఎర్త్ లేదు, లేదా ఎక్స్‌టెన్షన్ బాక్సులో మూడో పిన్ను ఉత్తిదే. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి, రెండు చిన్న కెపాసిటర్లు బాడీకి కలిసి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే బాడీ 230లో సగం, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. అలాగని వదిలేయొద్దు. రేపు ఎస్‌ఎంపీఎస్ నిజంగానే లీకైతే కాపాడేది ఆ ఎర్తే.

ఎర్త్ గుంత ఎక్కడుందో చూసి రెండు బిందెల నీళ్లు పోయించు. మన దగ్గర ఎండాకాలం నేల ఎండిపోయి, ఉప్పూ బొగ్గూ వేసిన గుంత కూడా పని చేయదు. నీళ్లు పోసినా జిల్లుమంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించు. నీ కొత్త టాప్ సంగతి వేరే. దాని చుట్టూ పెయింటే కాబట్టి మిగతా డబ్బాకు తగలడం లేదేమో. ఒక స్క్రూ కింద రెండు వైపులా పెయింట్ గీకి, పళ్లున్న వాషర్ వేసి బిగించు.

మిల్లుగడ్డ | ఏప్రిల్ 24, సాయంత్రం 6.30

మోతకు పాత సైకిల్ ట్యూబు. ఫ్యాన్ నాలుగు మూలల కింద ఒక్కో ముక్క. అలాగే ఫ్యాన్ల మీద దోమల జాలీ వేయి. మా మిల్లుల దగ్గరైతే ఊక దుమ్ముతో హీట్‌సింక్ నెలకు మూసుకుపోతుంది, మీ దగ్గర మామూలు దుమ్మే కావచ్చు.

గాలివాటం | ఏప్రిల్ 24, సాయంత్రం 6.52

టాప్ ఫ్యాన్లు గాలి బయటికి కొడుతుంటే పైన జాలీ దేనికి? దుమ్ము లోపలికి వచ్చేది ముందు నుంచి. జాలీ అక్కడ వేయండి.

మిల్లుగడ్డ | ఏప్రిల్ 24, సాయంత్రం 6.55

అదీ నిజమే.

రామగిరి_కుర్రాడు | ఏప్రిల్ 27, రాత్రి 8.10

బాక్సులో ఎర్త్ వైరు లోపలే తెగిపోయి ఉంది. కొత్త బాక్సు తెచ్చాను, గుంతలో నీళ్లు పోశాను. టెస్టర్ పెడితే వెలగట్లేదు. ట్యూబు ముక్కలతో మోత కూడా పోయింది. పక్క డోర్ కోసం షీట్ తీద్దామని చూస్తే మిగిలిన ముక్క కనపడలేదు. అమ్మ దాన్ని గ్యాస్ స్టవ్ పక్కన గాలికి అడ్డంగా నిలబెట్టుకుంది. నిలబడట్లేదట, కింద ఒక మడత వేయించుకు రమ్మంటోంది. పెద్దాయనకు ఈసారి రెండు చాయ్‌లు.